నైట్ షిఫ్టులో రాసిన అర్జీ

ఇంధన శాఖ కార్యదర్శి గారికి,
కళ్యాణదుర్గం అవతలి ముప్పైమూడు కేవీ సబ్‌స్టేషన్ నుంచి
షిఫ్టు ఆపరేటరు తిప్పమ్మ రాసుకునేది.

లాగ్‌బుక్కు చివరి పేజీ చించి రాస్తున్నా.
తప్పే. ఇంకో కాయితం లేదు.

రాత్రి రెండూ పది.
గుట్ట మీద గాలిమరలు నలభై,
నలభైయీ నిలబడే నిద్రపోతున్నాయి.
కింద సోలార్ పలకలు మంచు పట్టి
తెల్లారేదాకా అద్దాలుగా కూడా పనికిరావు.
వాటి మీద నాకు కోపం లేదు సార్.
పగలంతా అవి చేసిన చాకిరీని
ఈ చేత్తోనే గంటగంటకూ రాసినా.
బ్యాటరీలొస్తాయి తిప్పమ్మా అంటాడు మా ఏఈ.
రానీ. వాటికీ చోటు చేద్దాం.
ఈ రాత్రికి మాత్రం మూడో ఫీడరు లాగే కరెంటు
ఎక్కడో బొగ్గు కాలితేనే వస్తోంది.
ఆ బూడిద ఎవరి దండెం మీద రాలుతుందో
మీటరు చెప్పదు.

నేనెందుకు అడుగుతున్నానో చెప్పాల గదా.
మా అన్న వన్నూరప్ప.
త్రీఫేజు రాత్రిపూటే ఇచ్చే ఏళ్ళవి.
ఒంటిగంటకు కరెంటొచ్చిందని
చీనీ చెట్లకు నీళ్ళు కట్టను పోయినాడు.
టార్చిలో సెల్లు వీకు.
స్టార్టరు పెట్టె వెనక వెచ్చగా చుట్టుకోనున్న దాన్ని
వాని చెయ్యి ముందు చూసింది,
కళ్ళు తర్వాత.
తెల్లారి మేం పోయేసరికి మోటరు ఆడతానే ఉంది.
పాదులు నిండి, గట్టు తెగి,
నీళ్ళు దోవలోకి వచ్చినాయి.
అన్ని నీళ్ళు మా తోట అంతకుముందు చూడలే.

ఇప్పుడు పగలే ఇస్తున్నారు, కాదనను.
నాలుగు దినాలు మబ్బు పడితే
మళ్ళీ రాత్రికే తోస్తారు.
అసెంబ్లీలో కరెంటు ఎంత అని అడుగుతారు.
ఎప్పుడు అని అడగండి సార్, ఒక్కసారి.

అందుకే అణువిద్యుత్ కావాలంటున్నా.
గాలిని బతిమాలకుండా, పొద్దు కోసం కాచుకోకుండా
నడిజామున కూడా అదే సెగతో ఉండే పొయ్యి.
అది కేంద్రం పని అని పక్కన రాసి
వెనక్కి పంపుతారని తెలుసు.
నేల ఇచ్చేది మీరు. నీళ్ళు ఇచ్చేది మీరు.
ఇన్నేళ్ళకు కొంటామని సంతకం పెట్టేది మీరు.
తలుపు వాళ్ళదైతే కానీ, గడప మీదే.

మా చిన్నాయన కూతురు రాములక్కను
కడప పక్క, యురేనియం గని దగ్గరి ఊరికిచ్చినారు.
అర్జీ సంగతి విని ఫోన్లో తిట్టింది.
"వచ్చి మా బోరు నీళ్ళు ఒక్క చెంబు తాగు.
తాగినాక రాయి."
ఆమెకు జవాబు నా దగ్గర లేదు.
ఒక షరతు మాత్రం ఉంది:
నెలనెలా ఆ బోరు నీళ్ళ పరీక్ష
పంచాయతీ గోడ మీద పెయింటుతో, తెలుగులో రాయండి.
బాగుంటే బాగుందని.
లేకుంటే లేదని.
పోయిన నెలది చెరపకుండా.

ఇంకొకటి.
ఆ పొయ్యికి ఆరని నీళ్ళు కావాల.
మాకు వాన పడితే పేపర్లో వేస్తారు.
కాబట్టి అది మా ఊరికి రాదు,
ఏ ఒడ్డునో వలలు ఆరేసుకునే వాళ్ళ ఊరికి పోతుంది.
ఇక్కడ కుర్చీలో కూచోని
వాళ్ళ ఇళ్ళ మీద వేలు పెట్టి చూపిస్తున్నా.
ఆ వేలు నాదే, సిరామరకతో సహా.
వెనక దాచుకోని అడగలేను.
ముందు వాళ్ళను పిలిచి మాట్లాడించండి,
పోలీసులు లేని షామియానా కింద.
నా కాయితం ఆ తర్వాత చదవండి.
అప్పుడు కూడా నేనడిగేది ఇదే.

రెండూ నలభై.
మూడో ఫీడరు ట్రిప్పయింది.
పోయి ఛార్జి చేసి వస్తా, ఉండండి.

మోటరు నిలిచిపోయిందని
ఎవరో లేచి ఉంటాడు ఈ పాటికి.
చెప్పులేసుకున్నాడో లేదో.